దయ నుంచి హక్కు దాకా: వీధి సభకు అనుమతి

వినాయక చవితి దగ్గరపడిందంటే మా వీధిలో అర్జీ రాసే పని నాదే. మండపం ఎక్కడ వేస్తాం, విగ్రహం ఎత్తెంత, మైకు ఎన్ని గంటల దాకా, నిమజ్జనం ఊరేగింపు ఏ దారిన వెళ్తుంది, కమిటీలో ఎవరు బాధ్యులు, వాళ్ల ఫోన్ నంబర్లు... అన్నీ రాస్తాను. చివరి వాక్యం మాత్రం ఏటా ఒకటే: ‘దయతో అనుమతి ఇప్పించ ప్రార్థన’. ఈ దయ, ఈ ప్రార్థన మన అర్జీల్లోకి మనం పాలితులుగా ఉన్న కాలం నుంచి నడిచి వచ్చాయి.

1857 తిరుగుబాటు చూసి బెదిరిన బ్రిటిష్ ప్రభుత్వం 1861లో పోలీసు చట్టం తెచ్చింది. ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’ అని ఇప్పటికీ జిల్లా పేజీల్లో కనిపించేది ఆ చట్టంలోదే. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఏ దారిన, ఏ వేళల్లో సాగాలో చెప్పే అధికారం అది పోలీసులకిచ్చింది. శాంతికి భంగం కలగవచ్చని తోస్తే లైసెన్సు తీసుకోమనవచ్చు. ఆ లైసెన్సుకు రుసుము వసూలు చేయరాదనీ అందులోనే ఉంది. సభలను అదుపులో పెట్టడానికి రాసిన సెక్షన్ అది. మొత్తంగా మాన్పించడానికి కాదు.

నిజాం రాజ్యంలో కట్టడి ఇంకా బిగువు. ‘గస్తీ నిషాన్ 53’ అనే సర్క్యులర్ ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే సభ పెట్టకూడదు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది ఆ నీడలోనే. ఆ సర్క్యులర్‌ను రద్దు చేయాలన్నది మహాసభ కోర్కెల్లో ముఖ్యమైనది. చదువు గురించో, గ్రంథాలయం గురించో నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికి కూడా సర్కారు వైపు చూడాల్సి వచ్చిన రోజులవి.

1950లో రాజ్యాంగం ఈ లెక్కను తిరగేసింది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావడం 19వ అధికరణం కింద పౌరుల హక్కయింది. ప్రజాశాంతి వంటి కారణాలతో సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చు. ఆ ఆంక్ష సమంజసమని చూపవలసింది ప్రభుత్వమే.

అహ్మదాబాద్‌లో వీధి సభకు అనుమతి దొరకని హిమత్‌లాల్ షా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు కాదనాలో చెప్పకుండా అంతా అధికారి ఇష్టానికి వదిలేసిన నిబంధన చెల్లదని 1972లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వీధి సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ, వీధులన్నింటినీ సభలకు మూసేయడానికి వీల్లేదన్నది ఆ తీర్పు సారం.

తర్వాత మైకు వంతు వచ్చింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలతో లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి తప్పనిసరైంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆపేయాలి. నిద్రపట్టని రోగికీ, పరీక్షలకు చదివే పిల్లకూ ఇది న్యాయమే.

మన కళ్ల ముందటి ఘట్టం కందుకూరు. 2022 డిసెంబరు 28న ఒక రాజకీయ సభ తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే గుంటూరులో మరో ముగ్గురు. 2023 జనవరి 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 1 ఇచ్చి, రహదారుల మీద సభలకు అరుదైన సందర్భాల్లో తప్ప అనుమతి లేదంది. మే 12న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. పోయిన ప్రాణాల బరువు చిన్నది కాదు. కానీ దానికి మందు జనాన్ని అంచనా వేయడం, ఇరుకు సందుల్లో సభ వద్దనడం, బయటికి దారులు వదలడం. సభలనే మాన్పించడం కాదు.

ఈ ఏడాది అర్జీలో రెండు మార్పులు చేశాను. ‘అంబులెన్స్ వెళ్లేందుకు వీధికి ఒక పక్క దారి ఖాళీగా ఉంచుతాం’ అని చేర్చాను. చివర ‘దయతో’, ‘ప్రార్థన’ తీసేసి, ‘అనుమతి ఇవ్వగలరు; నిరాకరిస్తే కారణం రాతలో తెలుపగలరు’ అని రాశాను. స్టేషన్‌లో రైటర్ చదివి, తేదీ వేసి, ముద్ర కొట్టి రసీదు చేతికిచ్చాడు.