షింబా కొండల్లో రోకలిబండ

రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున తెరిపిచ్చింది. కెన్యాలో మొంబాసాకు దక్షిణాన, హిందూ మహాసముద్రపు గాలి తగిలే షింబా కొండల అడవి ఇది. ఏప్రిల్ నెల, పెద్దవానల కాలం. అడుగేస్తే ఆకుల మెత్తలో కాలు చీలమండ దాకా దిగుతోంది.

టార్చి వెలుగు పుచ్చిన మాను వారగా పడింది. తడిసిన నల్లటి వేరు. మరుక్షణం ఆ వేరు కదిలింది.

ఆఫ్రికా రాక్షస రోకలిబండ. స్వాహిలీలో జోంగో అంటారు. బొటనవేలంత లావు, నిండా పెరిగితే 33 సెంటీమీటర్ల దాకా పొడవు. మోకాళ్ల మీద వంగి చూడండి. చాలా ఖండాలకు రెండేసి జతల చొప్పున సుమారు 256 కాళ్లు. వరిచేను మీద గాలి సాగినట్టు వాటి మీదుగా అలలు పోతుంటాయి, ఒక కాలు ఇంకోదానికి తగలదు. కాళ్ల సందుల్లో మైట్లనే సన్నని జీవులు పరుగెడుతున్నాయి. వాటికి ఈ ఒళ్లే ఊరు.

వేలితో తాకగానే తల లోపలికి పెట్టి గట్టిగా చుట్టుకుంది. జెర్రిలా కరవదు, కోరలే లేవు. పక్కల రంధ్రాల నుంచి ఘాటు వాసనతో పసుపుపచ్చటి ద్రవం ఊరింది. చర్మానికి అంటితే గోధుమరంగు మరక పడుతుంది, కంట్లో పడితే భగ్గుమంటుంది. దీన్ని ముట్టుకున్న చేత్తో కళ్లు నులుముకోకూడదు.

కాసేపటికి మెల్లగా విప్పుకుని, మీసాలతో నేల తడుముకుంటూ ఓ కుళ్లిన ఆకు దగ్గర ఆగి కొరకడం మొదలుపెట్టింది. చచ్చిన ఆకును నలిపి, బూజుతో సహా మింగి, మట్టిలో కలిసే పెంటగా మారుస్తుంది. ఒక్కోసారి ఆ పెంటనే మళ్లీ తింటుంది. పచ్చటి చెట్లను చూసి మురిసిపోతాం గానీ, అవి తినే తిండిని వండేవాళ్లలో ఇదొకటి.

పైకి ఇంత గట్టి పెంకు ఉన్నా ఒంట్లో నీటిని మాత్రం సరిగా ఆపుకోలేదు. అందుకే ఎండ పొడ పడేలోగా ఆకుల కిందికి దూరిపోతుంది. ఈ ఆకుల దుప్పటిని ఊడ్చి తగలబెడితే దీనికి నీడా, తిండీ, తడీ ఒక్కసారే పోతాయి.

మానును కొద్దిగా ఎత్తి చూస్తే కింద దారప్పోగుల్లాంటి పిల్లలు. గుడ్డులోంచి వచ్చినప్పుడు మూడు జతల కాళ్లే. పెరిగే వయసులో కుబుసం విడిచినప్పుడల్లా కొత్త ఖండాలు, కొత్త కాళ్లు పుట్టుకొస్తాయి. విడిచిన కుబుసాన్ని కూడా వదలవు, సున్నం కోసం తినేస్తాయి. మానును ఉన్నచోటే, ఉన్నట్టే దించుదాం.