రంగం తెలుగు: కూలివాడి భాషకు చరిత్ర ఉందా?

ప్రవాసాంధ్రుల చరిత్ర అనగానే మనవాళ్ళు సభల చరిత్ర రాస్తారు. ఫలానా సంవత్సరం సంఘ స్థాపన, అధ్యక్షుల పేర్లు, వార్షికోత్సవాలు. అచ్చయిన కాగితం మిగులుతుంది గనుక అదే చరిత్రగా చలామణి అవుతుంది. ఉద్దానం నుంచి రంగం వెళ్ళిన కూలివాడు అలాంటి కాగితం మిగల్చలేదు. కాని సముద్రానికి ఆవల తెలుగు అన్నేళ్ళు ఎలా బతికిందన్న ప్రశ్నకు జవాబు అతని దగ్గరే వెతకాలి.

రంగం అంటే రంగూన్. 1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యాక అక్కడి బియ్యపు మిల్లులకూ రేవులకూ చవక చేతులు కావలసి వచ్చాయి. ఇవతల వజ్రపుకొత్తూరు, టెక్కలి, సోంపేట తీరమంతా అప్పుడు గంజాం జిల్లా. ఇసుక నేల, జమీందారీ శిస్తు, తీరని అప్పు. బారువ, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కితే రంగం. ఈ తీరం 1936లో విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. కచేరీలు మారాయే గాని వలస మారలేదు.

తీసుకువెళ్ళేవాడు మేస్త్రీ. దారిఖర్చుకు బయానా ఇచ్చి, కూలిలోంచి కోసుకునేవాడు. తన ఊరివాళ్ళనూ బంధువులనూ ముఠాగా కట్టి, ఒకే బసలో ఉంచి, ఒకే ఓడ మీద పనికి దింపేవాడు. పనిలో కేకా, వంట దగ్గర కబురూ, జీతం దగ్గర తగాదా అన్నీ తెలుగులోనే. అదీ పుస్తకాల తెలుగు కాదు. ‘నాను’, ‘గుంటడు’ అనే తెలుగు. పైగా వీళ్ళలో చాలామంది కొన్నేళ్ళు చేసి తిరిగొచ్చేవాళ్ళు, వాళ్ళ చోట తమ్ముడో మేనల్లుడో వెళ్ళేవాడు. ఊరి మాట ఎప్పటికప్పుడు కొత్తగా ఓడెక్కేది. రంగం తెలుగును నిలిపింది ప్రధానంగా ఈ రాకపోకలే.

ఇక్కడ మనం మురిసిపోవలసినది తక్కువ. మేస్త్రీ తెలుగును కాపాడిన మాట నిజమే, కూలివాణ్ణి తన పిడికిట్లోనూ ఉంచుకున్నాడు. తెలుగు మాత్రమే తెలిసినవాడు కంపెనీతో నేరుగా బేరమాడలేడు, పక్కనున్న బర్మా కూలితో కష్టం చెప్పుకోలేడు. 1930 మే నెలలో రేవు కూలీలు సమ్మె చేశారు. యజమానులు బర్మావాళ్ళను పనిలోకి దింపి, సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు. మే 26న మొదలైన అల్లర్లలో చచ్చిపోయిన భారతీయుల్లో ఎక్కువమంది ఈ తెలుగు కూలీలే. ఇంటిని కలిపి ఉంచిన భాషే శ్రామికుణ్ణి శ్రామికుడి నుంచి వేరుచేసే గోడ కూడా అయింది. మాతృభాషాభిమానం గురించి ఉపన్యసించేవారు ఈ పేజీని దాటేస్తారు.

వాళ్ళను బర్మాలో ‘కోరంగీలు’ అన్నారు. కోరంగి గోదావరి ముఖాన ఉన్న రేవు, 1839 తుఫానులో దెబ్బతిని క్షీణించింది. కోరంగిని కన్నెత్తి చూడని ఉద్దానంవాడికీ ఆ పేరే తగిలింది, అదీ తిట్టుగా.

1942లో జపాను దాడితో లక్షలమంది కాలినడకన కొండలు దాటారు. ఎందరు దారిలో రాలిపోయారో లెక్క లేదు. యుద్ధం తరువాత మిగిలినవాళ్ళూ, మళ్ళీ వెళ్ళినవాళ్ళూ అక్కడ సంసారాలు పెట్టారు. అయితే వెనకటి రాకపోకలు లేవు. 1962లో నేవిన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, యాభై, వంద క్యాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. భారతీయులు లక్షల సంఖ్యలో ఓడలెక్కారు. 1965 చట్టంతో ప్రైవేటు బడులు సర్కారువై, చదువు బర్మా భాషలోకి మారింది. ఉండిపోయిన తెలుగు కుటుంబాలకు రామాలయమూ తెలుగు బాప్టిస్టు చర్చీ బడి పని చేయవలసి వచ్చింది.

తిరిగొచ్చినవాళ్ళ సంగతి మరొకటి. విశాఖపట్నంలో ఒక పేటకు బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావాళ్ళు! బర్మా బడిలో అక్షరాలు దిద్దిన పిల్లకు ఇంటి తెలుగు నోటికి వచ్చు, చేతికి రాదు. నోటికి వచ్చినదీ బడి తెలుగు కాదు. శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని బడులు పెట్టాడు. ఆయన జయంతులు ఘనంగా చేసే మనం ఈ పిల్లల నోటి తెలుగును తప్పుల తెలుగని దిద్దాం.

మారిషస్‌తో పోల్చి చూడండి. అక్కడికి చెరకు తోటల కూలి వలస ముందే ఆగిపోయింది. ఇళ్ళలోకి క్రియోల్ వచ్చింది. అయినా బడిలో తెలుగు ఉంది, ఉగాదికి ప్రభుత్వ సెలవుంది. అక్కడ భాష నిత్యవ్యవహారంలోంచి పండుగలోకి, పాఠంలోకి జరిగింది. రంగంలో పాఠం తక్కువ, వ్యవహారం ఎక్కువ. దారి తెగగానే ఆ వ్యవహారానికి ఊపిరి తగ్గింది.

ఈ నేల కథకులు భూమి గురించి రాసినంతగా రంగం గురించి రాయలేదు. 1964లో ఓడ దిగిన పిల్లలు ఇప్పుడు డెబ్బై ఏళ్ళకు అటూ ఇటూగా ఉన్నారు. విద్యార్థులు వారి దగ్గరకు వెళ్ళి రాసుకోవలసినవి చాలా ఉన్నాయి. ఉత్తరం ఎవరిచేత రాయించేవారు, మేస్త్రీని ఏమని పిలిచేవారు, పిల్లలు తమలో తాము ఏ భాషలో పోట్లాడుకునేవారు, తిరిగొచ్చాక ఏ మాటకు ఊరు నవ్వింది.