ఏ జార్జి?

రెండేళ్ల కింద నల్లకుంటలో, ఫీవర్ హాస్పిటల్ వెనక సందుల్లో, మా టీములో ఒకతనికి ఇల్లు వెతుకుతూ తిరిగాం. ఒక పోర్షన్ నచ్చింది. అద్దె, అడ్వాన్సు అన్నీ మాట్లాడుకున్నాక ఓనరమ్మ పేరడిగింది. జార్జి అన్నాడు. "ఏమనుకోకండి సార్, మీరు చర్చికి పోతరా?" అంది. మావాడు నవ్వి, ఇంటిపేరు చెప్పి, ఊరు చెప్పి, "లేదమ్మా, మా ఇంట్ల బతుకమ్మ ఆడతరు" అన్నాడు. "మరి ఈ పేరెందుకు పెట్టిన్రు?" దానికి వాడేమీ చెప్పలేదు. ఆ పోర్షన్ మాకు దొరకలేదు.

ఆమె అడిగిన తీరు నచ్చలేదు కానీ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. జార్జి మనకి కొత్త మాటేం కాదు, 17వ శతాబ్దం నుంచీ వింటున్నదే. మద్రాసులో కంపెనీవాళ్లు కట్టిన కోట సెయింట్ జార్జి కోట. 1812లో అక్కడ పెట్టిన కాలేజీదీ అదే పేరు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఎల్లిస్ వాదించింది కూడా 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలోనే. అబిడ్స్‌లో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834 నాటిది. విశాఖ కేజీహెచ్‌లో 'జీ' అంటే ఎవరో చెప్పక్కర్లేదు. కోటకీ, బడికీ, ఆసుపత్రికీ ఉన్న పేరే. చర్చికి వెళ్లని ఇంట్లో పిల్లాడికి పెట్టడమే వింత.

ఇంగ్లీషు పేరు అంటాం గానీ ఇందులో ఇంగ్లీషు చాలా తక్కువ. మూలం గ్రీకు. 'గే' అంటే నేల, 'ఎర్గాన్' అంటే పని. నేల పని చేసేవాడు, అంటే రైతు. రోమన్ కవి వర్జిల్ వ్యవసాయం మీద రాసిన కావ్యం పేరు 'జార్జిక్స్' అయింది అందుకే. క్రైస్తవాన్ని వదలనందుకు 303 ప్రాంతంలో చంపేశారని చెప్పే ఒక రోమన్ సైనికుడి వల్ల ఇది సాధువు పేరైంది. ఇంగ్లండ్‌కి ఆ సాధువు బాగా దగ్గరైంది క్రూసేడుల తర్వాత. అయినా పిల్లలకి ఈ పేరు విరివిగా పెట్టుకోవడం 1714లో హానోవర్ నుంచి ఒక జర్మన్ జార్జి వచ్చి గద్దెనెక్కాకే. ఆ తర్వాత 1830 దాకా వరసగా నలుగురు రాజులూ జార్జిలే. ఇక పేరు ఊరూరా పాకకుండా ఉంటుందా! (అమెరికాలో జార్జియా రాష్ట్రం రెండో జార్జి పేరు మీదే. జార్జియా దేశం సంగతి వేరు.)

కేరళకి మాత్రం ఈ పేరు ఇంగ్లీషువాళ్లతో రాలేదు. సిరియన్ క్రైస్తవులతో, సిరియాక్ భాషలోంచి గీవర్గీస్‌గా వచ్చింది. వర్గీస్, వర్కీ అన్నీ దాని రూపాలే. ఇక్కడే నాకు కథ ఆసక్తిగా మారింది. ఉస్మానియా జార్జి రెడ్డి 1947 జనవరి 15న పాలక్కాడ్‌లో పుట్టాడు. తండ్రి చిత్తూరు వైపు తెలుగువాడు, తల్లి లీలా వర్గీస్ మలయాళీ. తల్లి పేరులోని వర్గీసే కొడుకు పేరులో జార్జి. ఒకే మాట, రెండు దారుల్లో వచ్చి ఒకే ఇంట్లో కలిసింది. రెడ్డి అనే మాటకి కూడా వాడుకలో వ్యవసాయదారుడనే అర్థం ఉంది కాబట్టి, జార్జి రెడ్డి అంటే రైతు రైతు అని కూడా చెప్పొచ్చు. నిఘంటువుతో ఆడుకునే ఆట ఇది, అంతకంటే విలువ లేదు.

ఫిజిక్స్‌లో గోల్డ్ మెడల్, బాక్సింగ్, క్యాంపస్ రాజకీయాలు. 1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర కత్తులతో పొడిచి చంపేశారు. అప్పటికి పాతికేళ్లు. తర్వాత వచ్చిన పీడీఎస్‌యూ తన చరిత్రని ఆయన దగ్గరే మొదలుపెడుతుంది. గీతా రామస్వామి 2016లో ఆయన జీవితం మీద 'జీనా హై తో మర్నా సీఖో' అని పుస్తకం తెచ్చారు. 2019లో సినిమా వచ్చింది.

మావాడి నాన్న ఆయన్ని చూడలేదు. ఈయన క్యాంపస్‌లో అడుగుపెట్టేసరికి హత్య జరిగి ఏడెనిమిదేళ్లు. గోడల మీద రాతలు, మెస్సులో విన్న కథలు, అంతే. 1987లో కొడుకు పుడితే ఆ పేరు పెట్టేశాడు. లెనిన్, స్టాలిన్, గగారిన్ లాంటి పేర్లు మన కమ్యూనిస్టు ఇళ్లలో అంతకుముందే ఉన్నాయి. కానీ వాటికి వివరణ అక్కర్లేదు, వినగానే ఎవరో తెలుస్తుంది. ఇది అట్లా కాదు. ఒట్టి జార్జి అంటే ఎవరికీ ఏమీ తెలీదు. ఆ మనిషి గుర్తుకు రావాలంటే పక్కన రెడ్డి ఉండాలి.

మావాడి వాళ్లు రెడ్లు కారు. సగం పేరే తీసుకోగలిగారు. రెండో సగం కులానిది, తీసుకునేది కాదు. తీసుకున్నా ఊళ్లో నవ్వేవాళ్లు. కులం వద్దనుకున్న ఒక తండ్రి ఇష్టపడి పెట్టిన పేరు, కులం తోక లేకపోవడం వల్లే ఎవరికీ అర్థం కాకుండా పోయింది. ఓనరమ్మకి మతం ఒక్కటే వినబడింది. పెట్టినాయన ఉద్దేశంలో మతమే లేదు.

సినిమాకి తండ్రీకొడుకులు కలిసే వెళ్లారట. ఈలలు, ఫైట్లు అన్నీ చూసి, బయటికొచ్చాక ఆయన అన్నది ఒక్కటే: "మెస్సు అట్ల ఉండకపోయేది."

చివరికి విద్యానగర్‌లో ఇల్లు దొరికింది. అగ్రిమెంట్ రాసేటప్పుడు ఆ ఓనరు, రిటైరైన పెద్దాయన, ఆధార్ జిరాక్సు మీద పేరు చూసి కళ్లద్దాలు తీశాడట. చర్చి ఊసెత్తలేదు. "మీ నాయిన ఉస్మానియాల చదివిండా బిడ్డా?" అని అడిగాడు.