నీలగిరి పచ్చికలోని సటీరియం

నీలగిరి కొండలపై సుమారు 2,000 మీటర్ల ఎత్తున, షోలా అడవుల నడుమ విశాలమైన పచ్చికబయళ్లు కలవు. వానలు కురియు దినములలో అచ్చట గడ్డిని మించి నిలువుగా లేచిన గులాబిరంగు పూకంకులు కనబడును. ఇది సటీరియం నేపాలెన్స్ అను ఆర్కిడ్. ఆర్కిడ్ అనగానే చెట్టుకొమ్మను కరచుకొని యుండు మొక్క స్ఫురించును గాని, ఇది నేలలో దుంప దించి పెరుగునది. దుంపలు రెండు. ఒకటి ఈ యేటి కాండమునకు ఆహార మిచ్చి కృశించుచుండగా, రెండవది వచ్చు ఏటికై నిండుచుండును.

దీని పువ్వును శ్రద్ధగా చూడవలెను. ఆర్కిడ్లలో ఒక రేకు తక్కినవాటికంటె భిన్నముగా నుండును. దానిని ఓష్ఠ మందురు. పెక్కు ఆర్కిడ్లలో మొగ్గ విచ్చుకొనులోపల అండాశయము సగము చుట్టు మెలి తిరుగుటచే ఓష్ఠము క్రిందికి వచ్చి, కీటకములకు పీట యగును. సటీరియంలో ఆ మెలి లేదు. ఓష్ఠము పైననే నిలిచి గొడుగువలె వంగును. దాని వెనుకనుండి రెండు సన్నని గొట్టములు తోకలవలె వ్రేలాడును.

సటీరియం ప్రజాతిని 1800లో స్వీడన్ దేశీయుడైన స్వార్ట్జ్ స్థాపించెను. అందలి జాతులలో అత్యధికము ఆఫ్రికాకు చెందినవి. నేపాలునుండి వచ్చిన ఎండు నమూనాలను బట్టి 1825లో డేవిడ్ డాన్ ఈ జాతిని వర్ణించెను. ఆయన నేపాలు చూచినవాడు కాడు. కాగితముల నడుమ అణగిన పువ్వు రంగు మాయును, గొడుగు చదునగును. పైగా ఈ మొక్క హిమాలయములనుండి సింహళమువరకు వ్యాపించినది. పూలు ముదురు గులాబి మొదలు తెలుపువరకు మారును. కనుక దక్షిణపు కొండల నమూనాలకు వేరుపేర్లు పుట్టినవి. లిండ్లే ఒకదానికి వైట్ పేరు పెట్టెను. 1841లో రిషార్ మరియొకదానికి పెరొటే పేరు పెట్టెను. నేడు వానిని ఒకే జాతిగానో, దాని రూపభేదములుగానో పరిగణించుచున్నారు.

ఆ రాబర్ట్ వైట్ 1819లో మద్రాసు చేరిన కంపెనీ వైద్యుడు. ఆయన వెలువరించిన భారతీయ వృక్షచిత్రములు రెండువేలకు పైబడినవి. వానిలో సటీరియం కూడ కలదు. ఆయనకు బొమ్మలు గీసినవారు రంగయ్య, గోవిందు అను దేశీయ చిత్రకారులు. మాటలతో తెలియని పువ్వు నిలుకడ, రేకుల వంపు వారి కుంచెవలన విదేశపు పండితులకు తెలిసినవి. వైట్ 1853లో ఒక అడవి ఆర్కిడ్‌కు గోవిందూయా అని పేరిడెను. చిత్రకారునికి అరుదైన గౌరవమే! కాని ఆ ప్రజాతికి 1833లోనే లిండ్లే ట్రోపిడియా అని పేరు పెట్టి యుండెను. ముందు పుట్టిన పేరే చెల్లునను నియమముచే గోవిందు పేరు పర్యాయపదముల పట్టికలోనికి జారినది.

19వ శతాబ్దము నుండి ఈ పచ్చికలలో తుమ్మజాతికి చెందిన వాటిల్‌ను, యూకలిప్టస్‌ను విస్తారముగా నాటిరి. వాటిల్ నీడ దట్టమైనచోట గడ్డి నశించును. గడ్డితో పాటు సటీరియం కూడ పోవును. విత్తులు చల్లి తిరిగి పెంచుటయు సులభము కాదు. దుమ్మువంటి ఆర్కిడ్ విత్తులో నిలువ ఆహారము దాదాపు లేదు. నేలలోని తగిన శిలీంధ్రము చేరిననే మొలక పెరుగునని 1899లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్ మరియొక ఆర్కిడ్‌లో కనుగొనెను.