ఫుట్‌బాల్ టోర్నీ ఫలితాల అంచనా

అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నీలో ఏ జట్టు ఎంతదాకా వెళ్తుందో, కప్పు ఎవరికి దక్కుతుందో ముందే చెప్పే ప్రయత్నానికి నాలుగు దారులున్నాయి. ఆట తెలిసినవారి కంటిచూపు ఒకటి, పందేల బజారు మరొకటి. మూడోది సంభావ్యతా గణితం, నాలుగోది జోస్యం. వీటిలో మొదటి మూడింటికి హైదరాబాద్‌తో ఏదో ఒక సంబంధం ఉంది. అంచనాలు తలకిందులైన ఆసియా ఫైనళ్లలో భారతీయులు ఎక్కువగా తలుచుకునేది 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఆ రోజు జట్టును నడిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వాడు. ఎడమ వింగ్‌లో ఆడిన తులసీదాస్ బలరామ్ మల్కాజిగిరికి ఉత్తరాన ఉన్న అమ్ముగూడలో పుట్టినవాడు.

తొలి దశ

సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్లలోని బ్రిటిష్ దళాల ద్వారా ఫుట్‌బాల్ ఈ ప్రాంతానికి వచ్చింది. ఫలితాల అంచనా విషయానికొస్తే, ఇంగ్లండ్‌లో 1923లో లివర్‌పూల్ కేంద్రంగా మొదలైన లిటిల్‌వుడ్స్ పూల్స్, వారం వారం మ్యాచ్‌ల ఫలితాలు ఊహించి కూపన్ నింపే అలవాటును లక్షల ఇళ్లకు చేర్చింది. 1963 జనవరిలో మంచు వల్ల మ్యాచ్‌లు ఆగిపోయినప్పుడు మాజీ ఆటగాళ్లతో ఒక మండలి ఏర్పాటైంది. జరగని మ్యాచ్‌ల ఫలితాలను ఆ మండలి తీర్పుగా ప్రకటించేది, కూపన్లకు డబ్బు దాని ప్రకారమే చెల్లేది.

మరకానా, బెర్న్

1950 ప్రపంచ కప్‌కు భారత్ కూడా అర్హత పొందింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో ఒకే గ్రూపులో చోటు దక్కినా జట్టు బ్రెజిల్‌కు వెళ్లలేదు. ఆ టోర్నీ చివరి మ్యాచ్ జూలై 16న మరకానా మైదానంలో జరిగింది. ఆతిథ్య బ్రెజిల్‌కు డ్రా చేసుకున్నా చాలు. ఆ రోజు పొద్దున ఒక రియో పత్రిక బ్రెజిల్ జట్టు ఫొటో వేసి ప్రపంచ విజేతలు వీరేనని రాసింది. ఉరుగ్వే 2–1తో గెలిచింది.

నాలుగేళ్లకు స్విట్జర్లాండ్‌లో ఇంకా పెద్ద పాఠం ఎదురైంది. గ్రూప్ దశలో హంగరీ పశ్చిమ జర్మనీని 8–3తో ఓడించింది. 1954 జూలై 4న బెర్న్ ఫైనల్‌లో మళ్లీ అవే జట్లు తలపడ్డాయి. జర్మనీ 3–2తో గెలిచింది. జర్మన్ కోచ్ సెప్ హెర్బెర్గర్ గ్రూప్ మ్యాచ్‌లో ముఖ్యమైన ఆటగాళ్లను కొందరిని బయట కూర్చోబెట్టాడు. 8–3 అన్న అంకెలో ఆ సంగతి కనిపించదు. తర్వాతి కాలపు లెక్కలన్నీ ఎదుర్కొన్న చిక్కు ఇదే. ఫలితం ఏమిటో కాగితం మీద ఉంటుంది, అది ఏ పరిస్థితిలో వచ్చిందో ఉండదు.

రహీం కాలం

సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఉస్మానియాలో చదువుకుని బడిపంతులుగా జీవితం మొదలుపెట్టాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యాడు. ఆ ఏడాది నుంచి 1954 దాకా ఆ జట్టు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయి, కలకత్తా పత్రికలు కలకత్తా పెద్ద క్లబ్బుల పేర్లే ముందు రాసుకునే రోజుల్లో ఇది అపూర్వమైన విజయపరంపర. హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58లలో సంతోష్ ట్రోఫీ తెచ్చింది.

ఆటగాళ్ల లోపాలను పద్ధతిగా సరిదిద్దడంలో రహీంకు సాటి తక్కువ. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవాడు. వాటం లేని కాలితోనే బంతి తన్నాలన్న నియమంతోనూ పెట్టేవాడు. ఫలితం పోటీ రోజున పుట్టదు, నెలల ముందే తయారవుతుందన్న నమ్మకం ఆయన పద్ధతిలో కనిపిస్తుంది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్‌లో రహీం కోచ్‌గా ఉన్న భారత్ ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10–1తో చిత్తయింది. ఆ స్కోరు చూసినవారెవరూ 1956 మెల్‌బోర్న్‌కు పెద్ద ఆశలు పెట్టుకోరు. డిసెంబర్ 1న భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసూజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో మళ్లీ యుగొస్లావియాయే ఎదురైంది. మొదటి గోల్ భారత్‌దే, చివరకు ఓటమి 4–1. బల్గేరియాతో కాంస్య పోరులో 3–0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాదీలు పలువురు. ఇరవై ఏళ్ల బలరామ్ కూడా వారిలో ఉన్నాడు.

బలరామ్

తులసీదాస్ బలరామ్ 1936 అక్టోబర్ 4న తమిళ కుటుంబంలో పుట్టాడు. సికింద్రాబాద్–బొల్లారం రైలుమార్గంలో ఉన్న అమ్ముగూడ అతని ఊరు. రైడర్స్ క్లబ్‌కు, తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్‌కు ఆడి, 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ అన్న మూడు పేర్లు భారత ఫుట్‌బాల్ చరిత్రలో విడదీయరానివి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 2–1తో, పెరూ చేతిలో 3–1తో భారత్ ఓడినప్పుడు భారత్ తరఫున రెండు మ్యాచ్‌లలోనూ గోల్ కొట్టింది అతనే. ఫ్రాన్స్‌తో 1–1 డ్రాలో గోల్ బెనర్జీది. ఆ మూడు స్కోర్లు చూస్తే రెండేళ్ల తర్వాత జరగబోయేదానికి ఆనవాలు దొరుకుతుంది. యూరప్ జట్లను అంత దగ్గరగా నిలువరించిన జట్టును ఆసియాలో ఎవరూ తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. అనారోగ్యం వల్ల అతను ఇరవై ఏడేళ్లకే ఆట మానేశాడు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో మరణించాడు.

జకార్తా, 1962

నాలుగో ఆసియా క్రీడల గ్రూప్ దశలో దక్షిణ కొరియా భారత్‌ను 2–0తో ఓడించింది. 1956, 1960 ఆసియా కప్పులు రెండూ కొరియావే. తర్వాత భారత్ థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించి సెమీస్ చేరింది. థాయ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలుపు కష్టమ్మీద వచ్చింది. ఫైనల్లో ఎదురుగా మళ్లీ కొరియా.

అప్పటికి చేతిలో ఉన్న ప్రతి లెక్కా కొరియా పక్షాన్నే చూపింది. అదే టోర్నీలో ముఖాముఖి గెలుపు వారిది. ఆసియా కప్పులు వారివి. పైగా జనం కూడా భారత్ పక్షాన లేరు. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ విమర్శించాడని జకార్తా ప్రేక్షకులు ఆగ్రహంతో ఉన్నారు. జ్వరంతో కూర్చున్న గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, కుట్లు పడిన జర్నైల్, కుంటుతున్న త్రిలోక్ సింగ్. ఇదీ జట్టు పరిస్థితి.

రహీం చేసిన మార్పులు ఏ పట్టికా ముందుగా చెప్పలేనివి. గాయపడ్డ డిఫెండర్‌ను సెమీస్ నుంచే ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. తంగరాజ్‌ను ఫైనల్‌కు తిరిగి గోల్‌లో నిలబెట్టాడు. అప్పటికే క్యాన్సర్ ఆయన ఒంట్లో ఉంది. ముందురోజు రాత్రి తనకు స్వర్ణాన్ని కానుకగా ఇమ్మని అడిగాడని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. సెప్టెంబర్ 4న సెనయాన్ స్టేడియంలో లక్ష మంది ముందు 17వ నిమిషంలో బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్ కొట్టారు. కొరియా చివర్లో ఒక గోల్ మాత్రం తిరిగి ఇవ్వగలిగింది. 2–1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు. రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆయన జీవితం 2024లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రమైంది.

గ్రూప్ ఓటమి, కప్పు గెలుపు

జకార్తా ఒంటరి ఉదాహరణ కాదు. గ్రూప్ దశలో ఒక మ్యాచ్ ఓడి ప్రపంచ కప్ గెలిచిన జట్లు ఐదు: 1954, 1974లలో పశ్చిమ జర్మనీ, 1978లో అర్జెంటీనా, 2010లో స్పెయిన్, 2022లో మళ్లీ అర్జెంటీనా. 1988 యూరో కప్‌లో నెదర్లాండ్స్ సోవియట్ యూనియన్ చేతిలో 1–0తో ఓడి, ఫైనల్‌లో అదే జట్టును 2–0తో ఓడించింది. బెర్న్‌లాగే ఇదీ జకార్తాకు దగ్గరి పోలిక. 2022 నవంబర్ 22న సౌదీ అరేబియా 2–1తో ఓడించేదాకా అర్జెంటీనా 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగదు. ఆ మ్యాచ్ తర్వాత ఆ జట్టుపై ఆశ వదులుకున్నవారు డిసెంబర్ 18న లెక్క సరిచేసుకోవాల్సి వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ లియోనెల్ మెస్సీ 2025 డిసెంబర్ 13న ఉప్పల్ రాజీవ్ గాంధీ స్టేడియానికి వచ్చాడు. క్రికెట్ కోసం కట్టిన ఆ మైదానం ఆ సాయంత్రం ఫుట్‌బాల్ అభిమానులతో నిండింది.

గణితం

ఫుట్‌బాల్‌లో గోల్స్ అరుదు. అంచనాలు తప్పడానికి మూలకారణం అదే. అరుదైన సంఘటనలను లెక్కించేందుకు ఫ్రెంచ్ గణితవేత్త పాయిసాన్ 1837లో ఇచ్చిన సూత్రం గోల్స్‌కూ సుమారుగా సరిపోతుందని ఎం.జె. మొరోనీ 1951లో చూపాడు. ప్రతి జట్టుకూ దాడి బలం, రక్షణ బలం అని రెండు విలువలిచ్చి స్కోరు అంచనా వేసే పద్ధతిని మైక్ మేహర్ 1982లో స్థాపించాడు. 0–0, 1–1 వంటి తక్కువ స్కోర్లలో ఆ పద్ధతి చేసే తప్పును డిక్సన్, కోల్స్ 1997లో దిద్దారు.

ఒక ఉదాహరణ చూద్దాం. మ్యాచ్‌కు సగటున 1.8 గోల్స్ కొట్టే జట్టు, 0.9 కొట్టే జట్టుతో ఆడుతుందనుకుందాం. బలం రెట్టింపు. అయినా పాయిసాన్ లెక్కలో పెద్ద జట్టు గెలిచే అవకాశం నూటికి 59 మాత్రమే. డ్రా 23. చిన్న జట్టు గెలుపు 18. ప్రతి నాకౌట్ మ్యాచ్‌లోనూ నూటికి 70 గెలుపు అవకాశం ఉన్న మేటి జట్టు వరసగా నాలుగు గెలిచే అవకాశం 24. 48 జట్లతో జరిగే 2026 ప్రపంచ కప్‌లో నాకౌట్ మెట్లు ఐదయ్యాయి కాబట్టి అదే జట్టు అవకాశం 17కు పడిపోతుంది. పన్నెండు గ్రూపుల్లో మూడో స్థానం పొందిన ఎనిమిది జట్లు కూడా ముందుకు పోతాయి. ఆ ఎనిమిది ఏవన్నదానికే 495 కలయికలున్నాయి.

ఇక్కడ తెలుగువారికి గర్వకారణమైన ఒక పేరు వస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు (1920–2023) 1945లో ప్రచురించిన వ్యాసంలో, ఇంత సమాచారం నుంచి ఇంతకన్నా కచ్చితమైన అంచనా రాదని చెప్పే హద్దును నిరూపించాడు. క్రామెర్–రావు హద్దుగా ప్రపంచమంతా దాన్ని వాడుతోంది. టోర్నీలో చివరిదాకా వెళ్లిన జట్టు కూడా ఆడేది ఏడెనిమిది మ్యాచ్‌లు. కొట్టే గోల్స్ పది పదిహేను. అంత కొద్ది సమాచారం నుంచి జట్టు అసలు బలాన్ని ఎంత మేధావి అయినా కొంత మసకగానే చూడగలడు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట గణిత, సాంఖ్యక శాస్త్రాల పరిశోధన సంస్థ ఉంది.

ర్యాంకింగులు

ఫిఫా ర్యాంకింగులు 1992 డిసెంబర్‌లో మొదలయ్యాయి. భారత్ అత్యుత్తమ స్థానం 94, 1996 ఫిబ్రవరిలో. 2018 ఆగస్టు నుంచి చదరంగంలోని ఈలో పద్ధతిని అనుసరించి లెక్కిస్తున్నారు. రెండు జట్ల మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పై జట్టుకు ఆశించదగ్గ ఫలితం 0.68. ఇందులో డ్రాను సగం గెలుపుగా లెక్కిస్తారు. స్నేహపూర్వక మ్యాచ్‌కు బరువు తక్కువ, ప్రపంచ కప్ క్వార్టర్స్ నుంచి అత్యధికం.

పెద్ద బ్యాంకులు కూడా ఈ పనికి దిగాయి. గోల్డ్‌మన్ శాక్స్ 2014లోనూ 2018లోనూ బ్రెజిల్ గెలుస్తుందని చెప్పింది. మొదటిసారి బ్రెజిల్ సెమీస్‌లో జర్మనీ చేతిలో 7–1తో ఓడింది. రెండోసారి క్వార్టర్స్ దాటలేదు.

జోస్యం

2010లో జర్మనీలోని ఓబర్‌హౌజెన్ అక్వేరియంలో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచ్‌లకు ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. బొమ్మా బొరుసూ లెక్కన అలా జరిగే అవకాశం 256లో ఒకటి. 2008 యూరో కప్‌లో ఆరింట నాలుగే సరిపోయాయి. అదే 2010లో సింగపూర్ లిటిల్ ఇండియాలో మన వీధుల్లో కనిపించే తరహా చిలక జోస్యంతో మణి అనే చిలక ప్రసిద్ధి పొందింది. నాలుగు క్వార్టర్ ఫైనళ్లనూ సరిగ్గా చెప్పి, ఫైనల్‌కు నెదర్లాండ్స్ చీటీ తీసింది. స్పెయిన్ గెలిచింది.

హైదరాబాద్‌లో అంతర్జాతీయ పోటీలు

2003 ఆఫ్రో–ఆసియా క్రీడల ఫైనల్‌లో భారత్ ఉజ్బెకిస్తాన్ చేతిలో 1–0తో ఓడి రజతం పొందింది. 2024 సెప్టెంబర్‌లో గచ్చిబౌలి బాలయోగి స్టేడియం ఇంటర్‌కాంటినెంటల్ కప్‌కు వేదికైంది. 124వ ర్యాంకు భారత్ 179వ ర్యాంకు మారిషస్‌ను ఓడించలేక 0–0తో ఆగింది. 93వ ర్యాంకు సిరియా మారిషస్‌ను 2–0తో, భారత్‌ను 3–0తో ఓడించి కప్పు తీసుకుపోయింది. మూడు మ్యాచ్‌లలో రెండు ర్యాంకింగ్ చెప్పినట్టే నడిచాయి.

పందెం, చట్టం

అంచనా నైపుణ్యమా, అదృష్టమా అన్న వివాదంలో దేశమంతా ఉదహరించే తీర్పు సికింద్రాబాద్ నుంచి వెళ్లిందే. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967 నవంబర్‌లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. ఆన్‌లైన్ ఫాంటసీ ఆటల సంస్థలు తర్వాత ఆ తర్కాన్నే ఆశ్రయించాయి. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించి, డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యం పేరుతోనైనా అనుమతించలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధించింది. డబ్బు పెట్టకుండా స్నేహితుల మధ్య, కాలనీల్లో, ఆఫీసుల్లో సాగే అంచనాలు ఆ నిషేధం కిందకు రావు.