మార్లవాయి నుంచి దీక్ష వరకు: ఉత్తర తెలంగాణలో భాషోపాధ్యాయ శిక్షణ పరిణామం

వ్యాససంగ్రహం:

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లో భాషోపాధ్యాయుల శిక్షణ 1943 నుంచి నేటివరకు సాగిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గూడెంలో మొదలైన శిక్షణ జిల్లా కేంద్రానికి, మండల కేంద్రానికి, చివరకు చేతిలోని తెర మీదికి చేరింది. ఈ క్రమంలో ఉపాధ్యాయుడికి ప్రయాణదూరం తగ్గింది. పిల్లల ఇంటిభాషకూ బడిభాషకూ నడుమ ఉన్న దూరం ఆ మేరకు తగ్గిందా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: భాషోపాధ్యాయులు, వృత్త్యంతర శిక్షణ, ఆన్‌లైన్ విద్య, గోండి, ఆదిలాబాదు, కరీంనగర్.

1. ఉపోద్ఘాతం:

తెలుగు బోధించేవారికి కావలసిన సామర్థ్యం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. కరీంనగర్ పల్లెల్లో ఉపాధ్యాయుడు పిల్లల ఇంటి తెలుగు నుంచి పాఠ్యపుస్తకపు తెలుగుకు దారి వేయాలి. ఆదిలాబాదులో గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ మాట్లాడే పిల్లలకు తెలుగును రెండో భాషగా నేర్పవలసి వస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ రెండు జిల్లాలూ అనేక జిల్లాలుగా విడిపోయాయి. చారిత్రక సౌలభ్యం కోసం ఇక్కడ ఉమ్మడి జిల్లాల పేర్లనే గ్రహించడమైనది.

2. 1943: రెండు ఆరంభాలు:

నిజాం రాజ్యంలో ఉన్నతవిద్య ప్రధానంగా ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉర్దూయే బోధనాభాష. ఈ నేపథ్యంలో 1943కు ప్రత్యేకత ఉంది. ఆ సంవత్సరం హైదరాబాదులో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు ఆవిర్భవించింది. అది నిర్వహించిన పరీక్షలు కళాశాల గడప తొక్కలేనివారికి సైతం తెలుగు చదువుకునే దారి చూపాయి. ఉన్నచోటి నుంచే చదువుకొని పరీక్షకు కూర్చునే ఈ పద్ధతిలో నేటి దూరవిద్య ఛాయలు కనిపిస్తాయి.

అదే సంవత్సరం ఆదిలాబాదు అడవుల్లోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము మరణానంతరం గిరిజనుల స్థితిగతుల అధ్యయనానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన చొరవతో రూపొందిన గోండు విద్యాపథకంలో, కొద్దిపాటి అక్షరజ్ఞానం ఉన్న గోండు యువకులనే ఎంపికచేసి ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. జిల్లాలో గిరిజన సంక్షేమాధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి స్వయంగా గోండి నేర్చి, దానికి వ్యాకరణం రాశారు. పిల్లల భాష తెలిసినవాడే తొలి ఉపాధ్యాయుడు కావాలి, శిక్షణ అతని ఊరి చెంతనే జరగాలి అన్నవి ఈ ప్రయోగం నిలిపిన రెండు సూత్రాలు.

3. బడిభాష మార్పు:

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు కిన్వట్, రాజురా ప్రాంతాలు ఆదిలాబాదు నుంచి విడిపోయి మరాఠీ ప్రాంతంలో కలిశాయి. మిగిలిన జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. బడిలో తెలుగు స్థిరపడింది. గోండి వాచకాలు మరుగునపడ్డాయి. ఇంటిభాషలో చదువు అనే ఆలోచన ప్రభుత్వపరంగా మళ్లీ బలంగా ముందుకు రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన బహుభాషా విద్యాకార్యక్రమం ఎనిమిది భాషలను స్వీకరించింది. వాటిలో గోండి, కొలామి ఉన్నాయి.

4. మండలానికి చేరిన శిక్షణ:

1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక విద్యాశిక్షణ సంస్థ (డైట్) ఏర్పాటైంది. బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకం ఉపాధ్యాయ కేంద్రాలను, కృత్యాధార బోధనను పరిచయం చేసింది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యాపథకం (డి.పి.ఇ.పి.) రాష్ట్రంలో తొలుత ఎంచుకున్న ఐదు జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. దీనితో మండల వనరుల కేంద్రం ఉపాధ్యాయుల సమావేశస్థలమైంది. చార్టులు, కథల కార్డులు, మాదిరిపాఠాలు, వాటిపై చర్చ ఈ శిక్షణలకు ఆయువుపట్టు. తోటి ఉపాధ్యాయుని పాఠం చూసి తన పాఠాన్ని సరిదిద్దుకునే అవకాశం అక్కడ దొరికింది.

కళాశాల అధ్యాపకుల పరిస్థితి వేరు. 1987 నుంచి విశ్వవిద్యాలయ నిధుల సంఘం అకడమిక్ స్టాఫ్ కళాశాలలను నెలకొల్పింది. మూడువారాల పునశ్చరణ తరగతులకు ఉత్తర తెలంగాణ అధ్యాపకులు హైదరాబాదు వంటి విశ్వవిద్యాలయ కేంద్రాలకు వెళ్లవలసివచ్చేది. అన్నాళ్లు ఇల్లు విడవలేని వారికి, ముఖ్యంగా మహిళలకు, ఇది భారంగా ఉండేది.

5. తెర మీది శిక్షణ:

2017లో రెండు వేదికలు వచ్చాయి. జూలైలో స్వయం, సెప్టెంబరులో దీక్ష మొదలయ్యాయి. ఉన్నత విద్యారంగ అధ్యాపకుల కోసం 2018లో స్వయం ద్వారా అర్పిత్ పునశ్చరణ కోర్సులు ఆరంభమయ్యాయి. అదే ఏడాది యు.జి.సి. నిబంధనలు ఆన్‌లైన్ కోర్సులను పదోన్నతికి పరిగణించాయి. పాఠశాల ఉపాధ్యాయుల కోసం 2019లో ముఖాముఖిగా మొదలైన నిష్ఠా శిక్షణ, కరోనా కారణంగా 2020 అక్టోబరు నుంచి దీక్షలో 18 మాడ్యూళ్లుగా ఆన్‌లైన్‌లో సాగింది. అప్పటికే, 2020 సెప్టెంబరు 1 నుంచి, తెలంగాణ పిల్లలకు టి-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు అందుతున్నాయి. ఏటా కనీసం 50 గంటల వృత్త్యభివృద్ధి ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం నిర్దేశించింది.

2018 నాటి తెలంగాణ చట్టం ఒకటి నుంచి పదో తరగతి వరకు తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. తెలుగు మాతృభాష కాని పిల్లలకు తెలుగు నేర్పే నైపుణ్యం అవసరం దీనితో మరింత పెరిగింది.

6. లాభం - లోటు:

ఆన్‌లైన్ శిక్షణ వల్ల కలిగిన మేలు స్పష్టం. సెలవు పెట్టకుండా, ప్రయాణఖర్చు లేకుండా, అర్థంకాని పాఠాన్ని మళ్లీ విని నేర్చుకునే వెసులుబాటు గూడెం బడిలో పనిచేసేవారికీ దక్కింది. అయితే అడవిప్రాంతపు ఊళ్లలో సిగ్నల్ చిక్కే చోటు వెతుక్కోవలసిన స్థితి ఈ సమానత్వానికి గండికొట్టింది. వీడియో ముగించి, ప్రశ్నలకు గుర్తుపెట్టి, ధ్రువపత్రం పొందడంతో కోర్సు పూర్తవుతుంది. తరగతిలో పాఠం మారిందో లేదో ఆ పత్రం చెప్పదు.

ఇంతకన్నా మౌలికమైన లోటు మరొకటి ఉంది. 2021లో వచ్చిన నిష్ఠా మూడో విడతలో ప్రాథమిక తరగతుల్లో బహుభాషా విద్యపై ఒక కోర్సు ఉంది. అది ఇంటిభాష విలువను బోధిస్తుంది. కానీ దేశమంతటికీ తయారైన కోర్సు ఆదిలాబాదు ఉపాధ్యాయుడికి గోండి మాటలు నేర్పలేదు. కొలామి పిల్లవాడు తెలుగు వాక్యం కూర్చేటప్పుడు ఎక్కడ తడబడతాడో చెప్పలేదు. సూత్రం అందింది, సామగ్రి అందలేదు. మార్లవాయిలో ఈ రెండూ ఒకేచోట ఉన్నాయి.

7. ముగింపు:

ఈ లోటును పూడ్చే సాధనం కూడా ఆన్‌లైన్ వేదికే కాగలదు. నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. గోండి, కొలామి తెలిసిన ఉపాధ్యాయులు జిల్లాలోనే ఉన్నారు. డైట్ సంస్థలు వారిచేత చిన్నచిన్న పాఠాలు రికార్డు చేయించి, నెట్ లేకున్నా చూసుకునే వీలు కల్పించి, ఆ పాఠాలపై పాఠశాల సముదాయ సమావేశాల్లో చర్చ జరిపితే, తెర సౌలభ్యమూ ముఖాముఖి శిక్షణ మేలూ కలిసివస్తాయి. ఎనిమిది దశాబ్దాల కిందట ఒక గూడెంలో అక్షరజ్ఞానం కొద్దిగా ఉన్న యువకులతో సాధ్యమైన పని, నేటి వనరులతో సాధ్యం కాదనడానికి చరిత్రలో ఆధారం లేదు.