నీరో తల కింద ఐదో అర

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఒక చేతిరాత చరిత్ర గ్రంథం ఉంది. దాని గుర్తు ‘కాటన్ నీరో ఇ 2’. వింటే ఇంటి నంబరులా ఉంటుంది. నిజానికి అది చిరునామాయే. సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) తన పుస్తకాల బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలబొమ్మలు పెట్టించాడు. నీరో తల ఉన్న బీరువాలో పైనుంచి ఐదో అర (ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఇ’ ఐదోది), అందులో రెండో పుస్తకం: అదీ దాని చోటు.

లోపల ఒక బొమ్మ. కోట గోడ, కవచాలు తొడిగిన సైనికులు, ఒంటిమీద నూలుపోగు లేకుండా ఊరు విడిచి పోతున్న ఆడా మగా. 1209 ఆగస్టులో ఫ్రాన్స్ దక్షిణాన కార్కసోన్ లొంగిపోయినప్పటి సంగతి ఇది. మనకు ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులు.

ఆ ప్రాంతంలో కాథార్లు అనేవాళ్లుండేవారు. కంటికి కనిపించే లోకమంతా చెడ్డ శక్తి సృష్టేనని నమ్మేవారు. చర్చి వాళ్లను మతభ్రష్టులంది. 1208లో తన రాయబారి హత్యకు గురికాగానే పోప్ మూడో ఇన్నోసెంట్ క్రూసేడుకు, అంటే మతయుద్ధానికి, పిలుపునిచ్చాడు, క్రైస్తవ దేశం మీదికే. 1209 జులై 22న బెజియే పట్టణంలో ఊచకోత జరిగింది. ఆ వార్త కార్కసోన్‌కు ముందే చేరింది. ముట్టడిలో నీళ్లు అయిపోయాయి. మాట్లాడుకుందామని బయటికొచ్చిన యువ ప్రభువు త్రెంకావెల్‌ను బంధించారు, నవంబరులో చెరలోనే చనిపోయాడు. జనాన్ని చంపలేదు, ఉన్నదంతా వదిలేసి పొమ్మన్నారు. కాథార్లనే కాదు, అందరినీ.

ఎలా పోయారన్న దగ్గరే నాకు ఆసక్తి. ఆ కాలపు కవి ఒకడు చొక్కా, లాగుతో వెళ్లారన్నాడు. ఒక సన్యాసి నగ్నంగా అన్నాడు. రెండు వందల ఏళ్లు గడిచాక, సుమారు 1415లో ఈ బొమ్మ వేసినవాళ్లు సన్యాసి మాటే పట్టుకున్నారు. అవమానం చూపాలనుకున్నారేమో, కానీ బట్టలు తీసేశాక ఎవరు కాథారో ఎవరు కాదో చూసేవాడికి తెలిసే దారి లేదు. సైనికులకు మాత్రం చిత్రకారుడి కాలం నాటి కవచాలే తొడిగారు.

ఇది ‘బూసికో మాస్టర్’ చిత్రశాల పని అంటారు. అది చిత్రకారుడి పేరు కాదు, ఆయన చిత్రించిన ప్రార్థనా గ్రంథం సొంతదారుది. ఆ సొంతదారు, ఫ్రెంచ్ సేనాని మార్షల్ బూసికో, 1415లో అజాంకూర్ యుద్ధంలో ఆంగ్లేయులకు చిక్కి, 1421లో యార్క్‌షైర్‌లో ఖైదీగానే కన్నుమూశాడు.

1731 అక్టోబరులో కాటన్ గ్రంథాలున్న ఆష్‌బర్న్‌హామ్ హౌస్ తగలబడింది. వాటిలోని పాత ఆంగ్ల కావ్యం ‘బేవుల్ఫ్’ ప్రతి అంచులు కాలిపోయాయి. ఈ పుస్తకం బతికిపోయి 1753లో బ్రిటిష్ మ్యూజియానికి, 1973లో బ్రిటిష్ లైబ్రరీకి చేరింది. చిరునామా మాత్రం మారలేదు. క్రైస్తవులను వేటాడినవాడిగా పేరుపడ్డ నీరో తల కింద, నాలుగో అర గుర్తుతో లిండిస్‌ఫార్న్ సువార్తల చేతిరాత ప్రతి, ఐదో అర గుర్తుతో కార్కసోన్ జనం.